రామసుబ్బమ్మ కాసులపేరు

ఆ బుధవారం పొద్దున తిప్పేస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. పటానికి అద్దం బిగించాలి. హిందూపురం స్టేషన్లో ధర్మవరం పోయే ప్యాసింజరు ఎక్కాలి. పెనుకొండలో దిగి, గుట్టకిందపల్లెలో ఓబులేసు ఇంట్లో పటం అప్పగించాలి. వాళ్లమ్మ సంవత్సరీకం భోజనంలో కడుపునిండా ఓళిగలు, అవే బొబ్బట్లు, తిని, సాయంత్రం బండికి ఇల్లు చేరాలి. ఇందులో తప్పు జరగడానికి సందెక్కడుందో ఎంతటి తెలివైనవాడికైనా కనిపించదు. తిప్పేస్వామికి అసలే కనిపించలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో హిందూపురంలో బొమ్మలు వేసేవాడంటే తిప్పేస్వామే. అంగళ్లకు బోర్డులు రాసేవాడు, నాటకాలకు తెరలు వేసేవాడు, చనిపోయిన పెద్దలకు పటాలు కట్టేవాడు. ఈ మూడో పనిలోనే అతనికి పేరు. ఆ రోజుల్లో పల్లెల్లో పెద్దవాళ్లు సగంమంది ఫోటో అన్నది దిగకుండానే దాటిపోయేవారు. తర్వాత బిడ్డలు వచ్చి తిప్పేస్వామి ముందు కూర్చుని, "ముక్కు మా చిన్నాయన మాదిరి, గడ్డం మా మేనత్త మాదిరి" అని చెప్పేవారు. అతను పోయి చిన్నాయన ముక్కు, మేనత్త గడ్డం చూసి వచ్చి, రెంటినీ ఒక మొహంలో అతికించేవాడు. ఇంటివాళ్లు చూసి ఏడిస్తే పోలిక కుదిరినట్టు. ఏడవకపోతే మీసం కొంచెం సవరించేవాడు.

ఓబులేసు వాళ్లమ్మ రామసుబ్బమ్మ కూడా ఫోటో దిగలేదు. "ఆ డబ్బా ముందర కుచ్చుంటే ఆయుస్సు తగ్గుతాది" అనేది. ఆ నియమం పాటించి నిండా బతికింది, భర్త ఈరన్న ఉండగానే పసుపు కుంకాలతో వెళ్లిపోయింది. అంతవరకు బాగానే ఉంది. చిక్కు ఉగాదికి వచ్చింది. అమరాపురంలో ఇచ్చిన ఓబులేసు అక్క శ్యామలమ్మ పండగకు పుట్టింటికి వచ్చి, అమ్మ కూర్చునే చోట కూర్చుని, ఉన్నట్టుండి భోరున ఏడ్చింది.

"ఓబులేసా, నాకు అమ్మ మొగం గుర్తుకు రావడం లేదురా. చెయ్యి గుర్తుకొస్తాది, గాజులు గుర్తుకొస్తాయి. మొగం కాడికి వచ్చేసరికి అంతా పొగ మాదిరి అయిపోతాది. నేనేం కూతుర్ని రా?"

ఓబులేసు ఇరవై ఎకరాల శెనక్కాయల సేద్యం చేస్తాడు, ఎద్దులను ఒంటిచేత్తో ఆపుతాడు. ఆడవాళ్లు ఏడిస్తే మాత్రం నోటికి ఏది వస్తే అది అనేస్తాడు. ఆ పూట అతని నోటికి వచ్చింది ఇది: "ఏడవద్దక్కా. అమ్మ ఫోటో ఒకటి దొరికిండాది. కదిరి తేరు తిరనాళ్లలో ఎప్పుడో తీయించుకున్నిందంట. పెద్దది చేయించి సంవత్సరీకానికి పెడతాలే."

శ్యామలమ్మ కళ్లు తుడుచుకుంది. మరుసటి వారానికి అమరాపురంలో ఫోటో సంగతి తెలియని ఇల్లు లేదు. లేని ఫోటోను పెద్దది చేయించాల్సిన బాధ్యత ఓబులేసు మీద పడింది. అతను తిప్పేస్వామి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

పాపం తిప్పేస్వామి మొహాల మీద మొహాలు గీశాడు. ఓబులేసు ప్రతిదానికీ అడ్డంగా తలూపాడు. "ఇది మాయమ్మ కాదప్పా. మాయమ్మ చూపు ఇట్లుండదు. ఆయమ్మ అరిచేది కాదు, కొట్టేది కాదు. చూసేది. అంతే. తన్నే బర్రె కూడా నిలబడిపోయేది" అన్నాడు. ఆ చూపు కోసం శ్యామలమ్మ మొహం చూసొస్తానని తిప్పేస్వామి అంటే, "అయ్యో, అక్కకు తెలిస్తే కొంప మునుగుతాది" అని అడ్డం పడ్డాడు. ఓబులేసుదేమో అచ్చం నాయన పోలిక. అలా విసిగిపోయి లేచి వెళ్లబోతూ ఓబులేసు గోడ వైపు చూశాడు. చూసి, భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఇదీ! ఇదీ మాయమ్మ చూపు!"

గోడ మీద ఉన్నది ఒక విదేశీ క్యాలెండరు బొమ్మ. బెంగుళూరులో రంగుల అంగడివాడు డబ్బాలతో పాటు ఇచ్చింది. నల్లటి గౌను, తలకు తెల్లటి టోపీ, మెడ చుట్టూ విస్తరాకంత వెడల్పున మడతలు మడతలుగా తెల్లటి పట్టీ. దూరం నుంచి చూస్తే తలను పళ్లెంలో పెట్టి తెచ్చినట్టుండేది. నగ లేదు, నవ్వు లేదు. హైస్కూలు డ్రాయింగు మేష్టరు కింది అక్షరాలు చదివి, "హాలెండు దేశపు ఆడమనిషి. వేసి మూడువందల ఏండ్లయిందట. ఎవరో ఏమో, పేరు ఎవరికీ తెలియదట" అని చెప్పాడు. తిప్పేస్వామికి ఆ బొమ్మంటే ప్రాణం. నలుపు మీద నలుపు వేసి, ఆ నలుపులో మళ్లీ మడతలు చూపించిన ఆ చేతికి రోజూ పొద్దున్నే ఒక దండం పెట్టుకునేవాడు. అతని భార్య నరసక్కకు మాత్రం ఆ బొమ్మ గిట్టేది కాదు. "లేస్తూనే నన్ను చూస్తాంది. ఇంకా కసువు ఊడ్చలేదా అని అడిగినట్టు ఉంటాది" అనేది.

ఆ చూపును అలాగే ఎత్తిరాయాలని తిప్పేస్వామి చాలా అవస్థపడ్డాడు. ఎన్నిసార్లు వేసినా కడుపునొప్పి మనిషి వస్తోంది తప్ప ఆ చూపు రావడం లేదు. సంవత్సరీకం దగ్గరపడింది. చివరికి గుండె రాయి చేసుకుని, ఆ క్యాలెండరు బొమ్మనే అట్టకు అంటించి, దాని మీదే రామసుబ్బమ్మను వేయడం మొదలుపెట్టాడు. మొహం జోలికి పోలేదు, కొంచెం చామనఛాయ పూశాడంతే. టోపీని కొంగు చేశాడు. గౌనును ఎర్రంచు పచ్చచీర చేశాడు. ముక్కుపుడక పెట్టాడు.

మిగిలింది ఆ మెడ పట్టీ. దాన్ని చీరలో కలుపుదామంటే కలవదు, ఒంటి రంగు పూద్దామంటే మెడ ఎద్దు మూపురంలా కనిపిస్తుంది. తిప్పేస్వామి నాటకాల తెరల మీద ఎందరో రాణులను వేసినవాడు. ఆ అనుభవమంతా ఇక్కడ ధారపోశాడు. పైన ఒక కంటె, దాని కింద అడ్డిక, ఆ కింద పేటలు పేటలుగా రొమ్ము నిండా కాసులపేరు వేశాడు. పట్టీ పూర్తిగా మాయమైంది. రామసుబ్బమ్మ సంస్థానాధీశురాలిలా తయారైంది.

నూనె రంగులైతే ఆరడానికి వారం పడుతుంది. అందుకని నాటకం తెరలకు వాడే జిగురు రంగులే వాడాడు. బొట్టు ఒక్కటీ నూనె రంగుతో పెట్టాడు. ముత్తైదువ బొట్టు చెదరకూడదని అతని నమ్మకం.

"తడి తగిల్తే ఈ రంగులన్నీ పోవా?" అంది నరసక్క.

"అద్దం ఏస్తాండా గదా. తడి యాడ తగుల్తాది?" అన్నాడు తిప్పేస్వామి.

నరసక్క పటంలోకి చూసి, "ఆయమ్మకు నమ్మకం లేదు. చూపులోనే తెలుస్తాంది" అంది.

బుధవారం పొద్దున అద్దం బిగించి, పటాన్ని పాత పంచెలో చుట్టి, తిప్పేస్వామి బండెక్కాడు. పెట్టె కిటకిటలాడుతోంది. పటాన్ని తల మీద పట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయన, "ఏమబ్బా, దేవుని పటమా?" అని అడిగాడు.

"కాదు. ఒకాయన వాళ్లమ్మ. ఈ పొద్దు సంవత్సరీకం."

ఆ మాట పెట్టెలో ఒక చివరి నుంచి ఇంకో చివరికి పాకింది. మన సీమ జనానికి బతికున్నవాళ్లకు చోటివ్వాలంటే ప్రాణం మీదికి వస్తుంది గానీ, పోయినవాళ్లంటే మహా గౌరవం. "పెద్దమ్మను నిలబెట్టి మనం కుచ్చుంటామా?" అని ఇద్దరు లేచారు. పటాన్ని బల్ల మీద పడుకోబెట్టారు. ఒకామె బుట్టలోంచి రెండు కనకాంబరాలు తీసి పంచె మీద పెట్టింది. తిప్పేస్వామి అలాగే నిలబడి ప్రయాణం చేశాడు గానీ, మనసుకు హాయిగా ఉంది.

తర్వాతి స్టేషన్లో ఉలిగప్ప అనే గొర్రెల బేరగాడు ఎక్కాడు. మనిషి భారీ, ఒంటిమీద కంబళి, కళ్లనిండా నిద్ర. ఇంత జనంలో బల్ల ఖాళీగా కనబడటం తన అదృష్టమనుకుని, ఎవరూ నోరు తెరిచేలోపు పెద్దమ్మ మీద కూర్చున్నాడు. ఫట్మని శబ్దం వచ్చింది. పెట్టె మొత్తం "అయ్యయ్యో" అంది. ఉలిగప్ప ఉలిక్కిపడి లేచి, విషయం తెలిసి, లెంపలేసుకుని, పటానికి సాష్టాంగపడబోయాడు. పడితే ఇంకేం మిగలదని నలుగురు పట్టి ఆపారు.

పెనుకొండ స్టేషన్ బయట ఓబులేసు ఎద్దులబండితో కాచుకుని ఉన్నాడు. పంచె విప్పి చూస్తే బొమ్మకు గీత పడలేదు గానీ అద్దం ముక్కలైంది. ఇద్దరూ ముక్కలన్నీ ఏరి పారేశారు. ఓబులేసు పటాన్ని చూశాడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే పెద్దవయ్యాయి.

"చూపు కుదిరిండాదప్పా. కానీ ఇంత బంగారం యాల పెట్టినావు?"

"కింద తెల్ల పట్టీ ఉండాదన్నా. చిన్న గొలుసుతో మూతపడదు."

"సరేలే, పటంలో బంగారమే గదా. దొంగలేం పడరు" అని ఓబులేసు నవ్వాడు.

"ఒక్కటే మాట. తడి తగలగూడదు."

"నేనే పక్కన కుచ్చుంటాలే. ఎవుర్నీ ముట్టనీను. ఇంగో మాట, ఇది కదిరి తేరులో తీసిన ఫోటో. మరిచిపోవద్దు."

ఇంటి అరుగు మీద ఓబులేసు నాయన ఈరన్న బీడీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. రామసుబ్బమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన ఇంటి దరిదాపుల్లో బీడీ ముట్టించి ఎరగడు. ఎక్కడో చాటున వెలిగించినా, ఆమె తలెత్తి చూసిందంటే బీడీ చేతిలోంచి తానే జారిపోయేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. ఏడాదిగా ఆయన నడింట్లో బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు, మాట మాత్రం దాదాపు మానేశాడు. ఆ స్వేచ్ఛ ఆయనకు బొత్తిగా రుచించినట్టు లేదు.

నడవలో పీట వేసి, దాని మీద పటం నిలబెట్టారు. ముందు దీపం, కొత్తచీర, పసుపునీళ్ల చెంబు సర్దారు. వంటింట్లోంచి ఓళిగల వాసన వస్తోంది. అమరాపురం నుంచి వచ్చిన చుట్టాలు, ఊళ్లోవాళ్లు మూగారు. శ్యామలమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చి పటం ఎదురుగా కూర్చుంది. చాలాసేపు చూసింది.

"చూపు... అమ్మ చూపు మాదిరే ఉండాది" అంది మెల్లగా. గొంతులో ఏదో అనుమానం ఉంది, దాన్ని తానే మింగేసింది. "అవునులే. అమ్మే. నేనే మరిచిపోయినా."

ఓబులేసు గట్టిగా ఊపిరి వదిలాడు. తిప్పేస్వామి ఎన్ని ఓళిగలు తినవచ్చో లెక్క వేసుకోసాగాడు. అప్పుడు శ్యామలమ్మ చూపు పటంలో కొంచెం కిందికి దిగింది.

"ఒరే ఓబులేసా, ఈ కాసులపేరు యాడిది?"

"అది... ఫోటో తీసేవాళ్లు ఇస్తారక్కా. పెట్టుకొని, తీసి ఇచ్చేయాల" అన్నాడు ఓబులేసు. అబద్ధంగా చూస్తే అది మంచి అబద్ధమే. నిలబడేది కూడా. కానీ అక్కడ దొడ్డమ్మ ఉంది.

దొడ్డమ్మ రామసుబ్బమ్మకు సొంత అక్క. ఊరంతా ఆమెను ఆ వరసతోనే పిలుస్తుంది. ఆమెకు ఒక అలవాటుంది. లోకంలో ఏ సంగతి జరిగినా, అది జరిగేటప్పుడు తాను పక్కనే ఉన్నట్టు చెబుతుంది. రజాకార్ల గొడవల్లో కూడా తాను పక్కనే ఉన్నానంటుంది. అలాంటి మనిషి, తేరులో తీసిన చెల్లెలి ఫోటో దగ్గర తాను లేనంటే ఊరు ఏమనుకుంటుంది?

"అదేం మాటరా? తేరులో ఫోటో తీసేటప్పుడు నేను దాని పక్కనే ఉంటి" అంది దొడ్డమ్మ. "ఎవురూ ఏమీ ఇయ్యలేదు. మూటలోంచి అదే తీసుకొని ఏసుకున్నింది. 'ఏమే సుబ్బీ, ఇంత బంగారం యాడిదే' అంటే, 'ఇది నా కూతురికక్కా' అన్నింది. నా ఈ చెవులతో విన్నా."

ఓబులేసు దొడ్డమ్మ వైపు చూశాడు. ఆ ఫోటోనే లేదని చెబితే తప్ప ఆ కాసులపేరు లేదని చెప్పడానికి వీల్లేదు.

శ్యామలమ్మ తలుపు దగ్గర నిలబడ్డ మరదలి వైపు తిరిగింది. "కౌసల్యా, అమ్మ పెట్టె నువ్వే గదా సర్దినావు?"

ఓబులేసు భార్య కౌసల్యమ్మ గరిటె చేత్తోనే ముందుకొచ్చింది. "సర్దినా వదినా. దాంట్లో అచ్చనగాయలు, ఒక దువ్వెన, మీరు కట్టి విడిచిన పావడా ఒకటి. అంతకు మించి ఉంటే నా కండ్లు పోతాయి." ఆ మాట అంటూండగానే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. గరిటె మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నెలనెలా శెనక్కాయల బేరమని ధర్మవరం పోయొస్తాండావే! ఆడ ఎవురి మెళ్లో ఏసినావు?"

"ఓసి నీ! నేను ఎవురి మెళ్లో—"

"అంటే కాసులపేరు ఉండేది నిజమే గదా?"

"లేదే తల్లీ!"

"లేకుంటే ఫోటోలో ఎట్లొచ్చింది?"

ఓబులేసు తిప్పేస్వామి వైపు చూశాడు. తిప్పేస్వామి దూలం వైపు చూశాడు. చుట్టాలు అప్పటికే రెండు వర్గాలయ్యారు. అమరాపురం వాళ్లు కూతురి పక్షం. ఊరివాళ్లు సగం కోడలి పక్షం. ఓబులేసు పక్షాన ఎవరూ లేరు. ఒకాయన పంచాయతీ పెట్టాలన్నాడు. ఒకాయన పెనుకొండ కంసాలిని పిలిపించి పటంలో బంగారం విలువ కట్టించాలన్నాడు. వంటింట్లో ఓళిగ మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ కదల్లేదు.

"నాకు బంగారం మీద ఆశ లేదు. కానీ అమ్మ నాకని చెప్పిన వస్తువు ఎట్లుంటాదో అన్నా తెలుసుకోవాల గదా. ఎన్ని పేటలుండాయో చూస్తా. ఈ దుమ్ములో కనపడటం లేదు" అని శ్యామలమ్మ కొంగు చివర పసుపునీళ్లలో ముంచింది.

"అక్కా, వద్దు!"

"తల్లీ, తడి!"

ఇద్దరూ ఒకేసారి దూకారు గానీ ఆలస్యమైంది. శ్యామలమ్మ ఒక్కసారి తుడిచింది. ఆమె జన్మలో చూడని కాసులపేరు మొత్తం ఆమె కొంగులోకి వచ్చేసింది.

"గిల్టు! నేను ఆ పొద్దే అనుకుంటి" అంది దొడ్డమ్మ.

శ్యామలమ్మకు ఆ మాట వినిపించలేదు. కాసులున్న చోట తెల్లటి మడతలు కనిపిస్తున్నాయి. ఇంకోసారి తుడిచింది. అడ్డిక పోయింది, కంటె పోయింది, ముక్కుపుడక పోయింది. పచ్చచీర చెంబు నీళ్లతో పాటు పీట మీదికి కారింది. లోపల నల్లగౌను బయటపడింది. కొంగు పోయి టోపీ వచ్చింది. చామనఛాయ పోయి పాలిపోయిన తెలుపు వచ్చింది. ఆఖరుకు మిగిలింది నూనె రంగు బొట్టు ఒక్కటే. కాసంత కుంకుమ బొట్టుతో, మెడ చుట్టూ విస్తరాకంత పట్టీతో, పేరు తెలియని హాలెండు ఆడమనిషి గుట్టకిందపల్లె జనాన్ని నిదానంగా చూస్తోంది.

"ఎవుర్రా ఈయమ్మ?" అంది శ్యామలమ్మ.

ఓబులేసు భుజం మీది తువ్వాలు చేతుల్లోకి తీసుకున్నాడు. "హాలెండు దేశమంటక్కా. బాగా దూరం. ఫోటో దొరకలేదు. అసలు లేనే లేదు. నువ్వు ఏడుస్తాంటే చూడలేక చెప్పినా."

శ్యామలమ్మ లేచి నిలబడింది. అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు. కొంగు నడుముకు చెక్కుకుని, ఎడమ కనుబొమ కాస్త పైకెత్తి, పెదవులు బిగించి, ఇల్లంతా మెల్లగా ఒక చూపు చూసింది. ఆ చూపు తమ్ముడి మీద, మరదలి మీద, తిప్పేస్వామి మీద ఆగి, వాకిట్లో కూర్చున్న నాయన మీదికి వెళ్లింది.

ఈరన్న చేతిలోని బీడీ కింద పడింది. ఆయన గబుక్కున లేచి, దాన్ని కాలితో తొక్కి, ఖాళీ చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

"ఆర్పేసినాలే సుబ్బీ" అన్నాడు.

ఏడాదిలో ఆయన అంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదలు. అందరూ ఆయన వైపు చూశారు, తర్వాత ఆయన చూస్తున్న వైపు చూశారు. దొడ్డమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి తాను పక్కనే ఉన్నానని చెప్పుకోవాల్సిన అవసరం ఆమెకు లేకపోయింది.

"సుబ్బే! ఓయమ్మా, సుబ్బే నిలబడుండాది!"

శ్యామలమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేయి తన మొహం మీదికి పోయింది. ఎంతో కాలంగా ఎక్కడో పారేసుకున్నానని వెతుక్కుంటున్న మొహాన్ని వేళ్లతో తడిమి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కదలొద్దు తల్లీ!" అని కేక వినిపించింది. తిప్పేస్వామి పొయ్యి దగ్గరికి పరుగెత్తి బొగ్గుముక్క తెచ్చాడు. పటం వెనక మూతగా బిగించిన అట్ట ఊడబీకి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఆ కోపం దించొద్దు. నీకు పుణ్యముంటాది. ఆ కనుబొమ అట్లే ఉండనీ."

కానీ కోపం తెచ్చిపెట్టుకుంటే నిలిచేది కాదు. శ్యామలమ్మకు ఒక పక్క ఏడుపు వస్తోంది, నాయన వీపు వెనక చెయ్యి చూస్తే నవ్వు వస్తోంది. కనుబొమ దిగిపోసాగింది. తిప్పేస్వామి కంగారుపడ్డాడు.

"ఓబులేసన్నా! అక్క కోపం తగ్గిపోతాంది. ఇంగేమన్నా చేసుంటే చెప్పన్నా, తొందరగా!"

ఓబులేసు అమ్మ కోసమని గుండె చిక్కబట్టుకున్నాడు. "అక్కా, నీకిస్తానన్న దూడ ఉండాదే... అది చచ్చిపోలేదు. మా బావమరిదికి ఇచ్చేసినా."

కనుబొమ లేచింది. తిప్పేస్వామి చెయ్యి చకచకా నడిచింది.

"భేష్! ఇంగొకటి!"

"నీ పెండ్లి ఇత్తడి కొప్పెర పోయిందని చెప్పినా గదా... దాంట్లో ఇప్పుడు ఎద్దులకు కుడితి పెడతాండాం."

"పెదవులు కుదిరినాయి! కండ్లు, కండ్లు కావాల!"

ఓబులేసు దగ్గర నేరాలు అయిపోయాయి. దిక్కులు చూశాడు. అప్పుడు కౌసల్యమ్మ ముందుకొచ్చి, "వదినా, పోయినసారి మీరు పంపిన ఊరగాయ జాడీ మేము తినలేదు. ఉప్పెక్కువైందని పక్కింటోళ్లకు ఇచ్చేస్తిమి" అంది.

శ్యామలమ్మ చూసింది. ఆ చూపుకు కౌసల్యమ్మ రెండడుగులు వెనక్కి వేసింది, అమరాపురం చుట్టాలు సర్దుకు కూర్చున్నారు, వాకిట్లో కట్టేసిన బర్రె నెమరు ఆపింది. తిప్పేస్వామి కళ్లు వేసేశాడు.

బొమ్మ పూర్తయింది. బొగ్గుతో గీసిన బొమ్మే. చీరకు రంగు లేదు, మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. పోలికల కోసం చిన్నాయనల ఇళ్లకు, మేనత్తల ఇళ్లకు తిరిగిన తిప్పేస్వామికి, అందరికన్నా ముందు చూడాల్సిన మొహాన్ని చూడనివ్వకుండా చేసింది ఓబులేసు అబద్ధమే. అట్టను పీట మీద నిలబెట్టగానే శ్యామలమ్మ దాని ముందు కూలబడి, "అమ్మా, యాడికి పోయింటివే?" అని తనివితీరా ఏడ్చింది. ఓబులేసు అక్క పక్కన కూర్చుని ఆమె కన్నా గట్టిగా ఏడ్చాడు. తిప్పేస్వామి పద్ధతి ప్రకారం పోలిక కుదిరినట్టే.

ఈరన్న లోపలికి వచ్చి బొమ్మ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి చెవి మీది బీడీ దగ్గరికి పోయింది. పటంలోకి చూశాడు. బీడీని మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. ఆయన మొహంలో ఏడాది తర్వాత కాస్త తేట కనిపించింది.

విస్తరి వేసే వేళయింది. తిప్పేస్వామి బొట్టుతో ఉన్న తన క్యాలెండరు బొమ్మను మెల్లగా తీసి పంచెలో చుట్టబోయాడు. దొడ్డమ్మ అడ్డుపడింది.

"ఏమప్పా, యాడికి తీసుకపోతాండావు? అన్ని దేశాలు దాటొచ్చి, రైలులో ఒకని కింద నలిగి, మన సుబ్బి చీర కట్టుకొని సంవత్సరీకంలో కుచ్చున్న మనిషి. అన్నం పెట్టకుండా పంపితే ఇంటికి మంచిదా? ఇంగో విస్తరి ఎయ్యండి. చలిదేశం మనిషి, నెయ్యి బాగా పొయ్యండి."

అలా రెండు విస్తర్లు వేశారు. తిప్పేస్వామికి మూడోది. మాడినవి పోగా మిగిలిన ఓళిగల్లో అతను తన పథకంలో ఉన్నన్నీ తిన్నాడు.

నెల తర్వాత బొగ్గుబొమ్మను నూనె రంగుల్లో వేసి, బాగా ఆరబెట్టి, అద్దం బిగించి తెచ్చిచ్చాడు. అప్పటికి హాలెండు ఆమె కూడా ఆ ఇంట్లోనే గోడెక్కి ఉంది. ఇంటికి తీసుకుపోతానంటే ఈరన్న ఒప్పుకోలేదు. ఇద్దరు చూస్తుంటే బీడీలు ఇంకా తగ్గాయని కౌసల్యమ్మ చెప్పింది. నరసక్క ఈ వార్త విని ఆ పూట మొగుడికి పాయసం చేసింది.

ఆ తర్వాత ప్రతి ఏటా సంవత్సరీకానికి గుట్టకిందపల్లెలో రెండు విస్తర్లు వేస్తూనే ఉన్నారు. ఆమె ఎవరో, పేరేమిటో ఆమె సొంత దేశంలోనే ఎవరికీ తెలియదట గానీ, ఓళిగలో ఆమెకు నెయ్యి ఎక్కువ కావాలని గుట్టకిందపల్లెలో అందరికీ తెలుసు.